బురదలో రాగిగింజ: చెరువు పొరల్లో దొరికే మొక్కలకు పేరు పెట్టే తగువు

ఎండాకాలంలో చిక్కబళ్ళాపురం వైపున్న దిబ్బూరహళ్ళి చుట్టుపక్కల ఏ చెరువులోకి దిగినా అడుగున నెర్రెలిచ్చిన బంకమన్ను కనిపిస్తుంది. కొన్ని నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. వాటి మీదుగా రాగి గడ్డి బండి ఒకటి పోయిందనుకుందాం. గడ్డిలో మిగిలిన వెన్ను నుంచి ఓ గింజ రాలి, ఆ సందులో పడి, మూరెడు కిందికి జారుతుంది. వానలకు మన్ను ఉబ్బి నెర్రె మూసుకుంటుంది. ఆ మూరెడు మన్ను పేరుకోవడానికి వందేళ్ళు పట్టి ఉంటే, నిన్నటి గింజ వందేళ్ళ కిందటి పొరలో కాపురం పెట్టినట్టే.

సరస్సుల, చెరువుల అడుగు మట్టిని గొట్టంతో నిలువు కడ్డీగా (దీన్నే కోర్ అంటారు) బయటికి తీసి, ఒక్కో పొరలో ఏ మొక్కల ఆనవాళ్ళు ఉన్నాయో చూసి, పాత కాలపు అడవినీ పంటనూ వానలనూ ఊహించే శాస్త్రం నూరేళ్ళకు పైబడింది. ఈ నూరేళ్ళలో పరికరాలు పదునెక్కాయి, తగువులు మాత్రం తగ్గలేదు. కారణం వెతికితే దాదాపు ప్రతి తగువూ ఒకచోటికే చేరుతుంది: దొరికిన ముక్కకు ఎంతవరకు పేరు పెట్టవచ్చు? ‘గడ్డిజాతి’ అని ఆగిపోవాలా, ‘రాగి’ అనేయవచ్చా? రాగిముద్ద లేనిదే పూట గడవని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమకు ఈ ప్రశ్న పరాయిది కాదు. దక్షిణ భారత పురావృక్ష శాస్త్రంలో అన్నిటికన్నా చిక్కుపడ్డ కథ రాగిదే.

గింజల వాళ్ళు, పుప్పొడి వాళ్ళు

మొదట వచ్చినవాళ్ళు కంటికి కనిపించేవాటిని ఏరారు. స్విట్జర్లండ్ సరస్సుల ఒడ్డున గుంజల మీద ఇళ్ళు కట్టుకుని బతికిన పాతకాలపు జనం ఏం తిన్నారో, బురదలో దొరికిన గింజలు, కాయల పెంకులు చూసి ఓస్వాల్డ్ హీర్ 1865లో పుస్తకమే రాశాడు. గింజ చేతికి దొరికితే మొక్క పేరు చాలావరకు తేలుతుంది. అయితే గింజ బరువైనది, ఎక్కువ దూరం పోదు. ఒడ్డున ఏముందో చెబుతుంది, ఊరవతల కొండ మీది అడవి సంగతి చెప్పలేదు.

రెండో దారి 1916లో తెరుచుకుంది. స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ వాన్ పోస్ట్ ఓస్లోలో చేసిన ఉపన్యాసంలో, బురద పొరల్లోని పుప్పొడిని జాతివారీగా లెక్కపెట్టి శాతాలు కట్టి చూపించాడు. గాలికి మైళ్ళ దూరం ఎగిరే పుప్పొడితో ఒక ప్రాంతం మొత్తానికీ బొమ్మ గీయవచ్చని తేలింది. 1941లో డెన్మార్క్‌లో యోహానెస్ ఇవర్సెన్ ఇంకో అడుగు వేసి, అడవిచెట్ల పుప్పొడి తగ్గి ధాన్యాల పుప్పొడి, కలుపుమొక్కల పుప్పొడి పెరిగిన పొరలో తొలి రైతుల గొడ్డలి దెబ్బను గుర్తించాడు. అప్పటినుంచి ప్రపంచంలో ఏ సరస్సు కోర్ తీసినా ‘వ్యవసాయం ఎప్పుడు మొదలైంది’ అని అడగడం రివాజైపోయింది.

ఇది సాధ్యమైంది పుప్పొడి పైపెంకు గట్టితనం వల్ల. తొమ్మిది పాళ్ళ ఎసిటిక్ యాన్‌హైడ్రైడ్‌లో ఒక పాలు గంధకామ్లం కలిపి వేడి చేస్తే మిగతా వృక్షపదార్థం కరిగిపోతుంది, పెంకు నిలుస్తుంది. గున్నార్ ఎర్ట్‌మాన్ చూపిన ఈ పద్ధతినే నేటికీ వాడుతున్నారు. ఆమ్లానికి లొంగని ఆ పెంకు గాలికి మాత్రం లొంగుతుంది. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరే మట్టిలో అది మెల్లగా చివికిపోతుంది. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ రావాలి.

మన దేశంలో ఈ విద్యకు లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ, పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ రెండు పట్టుగొమ్మలు. పుదుచ్చేరిలో ఇరవై వేలకు పైగా పుప్పొడి స్లైడ్ల భాండాగారం ఉంది. దాన్ని పెంచి పోషించిన గణపతి తణికైమణి 1986 సెప్టెంబర్‌లో కరాచీలో జరిగిన పాన్ యామ్ విమాన హైజాక్‌లో ప్రాణాలు కోల్పోయారు. భాండాగారానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. తెలియని పుప్పొడికి పేరు పెట్టాలంటే తెలిసిన పుప్పొడిని పక్కన పెట్టి చూడాల్సిందే కాబట్టి, ఈ రంగంలో ఇలాంటి గదులు కొత్త యంత్రాలకన్నా విలువైనవి.

సాంభర్ నేర్పిన జాగ్రత్త

రాజస్థాన్ ఉప్పు సరస్సుల్లో గురుదీప్ సింగ్ చేసిన పని 1971లో వెలువడినప్పుడు పెద్ద చర్చ లేచింది. సాంభర్ కోర్‌లో సుమారు 9,000 ఏళ్ళ కిందటి పొరల నుంచి ధాన్యపు తరహా పుప్పొడి, దానితోపాటు సన్నటి బొగ్గు రేణువులు కనిపించాయి. అడవిని కాల్చి గింజలు చల్లారనీ, సింధు నాగరికతకు ఎంతో ముందే అక్కడ సాగు ఉందనీ ఆయన ఊహ. పైగా సరస్సులు నిండుగా ఉన్న తడికాలంలోనే హరప్పా పట్టణాలు వెలిశాయనీ, వానలు తగ్గాక కూలాయనీ వాదన సాగింది.

అభ్యంతరం ఒక్క మాటలో చెప్పవచ్చు: పెద్ద పుప్పొడి ఉన్న ప్రతి గడ్డీ ధాన్యం కాదు. గడ్డిజాతి పుప్పొడి అంతా ఒకే పోత పోసినట్టుంటుంది. గుండ్రటి బంతి, దానికి ఒకే రంధ్రం, రంధ్రం చుట్టూ ఉంగరం లాంటి అంచు. యూరప్‌లో గోధుమ, బార్లీ పుప్పొడి దాదాపు 40 మైక్రాన్లు దాటుతుంది కాబట్టి సైజుతో వేరుచేసే ఆనవాయితీ పుట్టింది. ఆ కొలబద్దను అడవిగడ్డి జాతులు లెక్కలేనన్ని ఉన్న మన నేలకు తెచ్చిపెడితే పెద్ద పుప్పొడి గల అడవిగడ్డి కూడా పంట పద్దులో చేరిపోతుంది.

1999లో యెహుదా ఎంజెల్ బృందం రాజస్థాన్‌లోనే ఉన్న లూంకరణ్‌సర్ సరస్సు పొరలకు తేదీలు కట్టి, రెండో వాదననూ దెబ్బకొట్టింది. ఆ సరస్సు హరప్పా పట్టణాలు వికసించడానికి సుమారు వెయ్యేళ్ళ ముందే ఎండిపోయిందని చూపింది. ఒక సరస్సు తేదీతో మొత్తం సీమ వానల చరిత్రను కొట్టేయగలమా అని ఎదురు ప్రశ్న వేసినవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్నలోనూ పస ఉంది.

ఒకే రాగి మొక్క, ఐదు ఆనవాళ్ళు

పద్ధతులను విడివిడిగా పొగడటం కన్నా, ఒక రాగి మొక్కను చెరువు గట్టున నిలబెట్టి, అది బురదలో ఏమేం వదిలిపోతుందో చూస్తే ఒక్కోదాని సత్తా తెలుస్తుంది.

పుప్పొడితో మొదలుపెడితే, రాగి చాలావరకు తనను తానే పరాగించుకుంటుంది. గాలిలోకి వదిలేది తక్కువ. ఆ తక్కువలో బురదకు చేరినది గరిక పుప్పొడి పక్కన పడి ఉంటే సూక్ష్మదర్శినిలో విడదీయడం సాధ్యం కాదు. చెరువు చుట్టూ వంద ఎకరాల రాగి ఉన్నా, స్లైడు మీద ‘గడ్డిజాతి’ అన్న గడిలోనే అంకె పెరుగుతుంది. అదే సమయంలో గాలికి పుప్పొడి దండిగా వదిలే నాలుగు సరుగుడు తోటలు అడవంత ఎత్తున లెక్కకెక్కుతాయి.

ఆకు వదిలేది ఫైటోలిత్. మొక్క నేల నుంచి పీల్చిన సిలికా కణాల్లో గట్టిపడి గాజు అచ్చులా మిగిలిపోతుంది. ఎండినా చివకదు, మన చెరువులకు ఇది పెద్ద ఊరట. రాగి ఆకులో దీని ఆకారం గుర్రపు జీనులా ఉంటుంది. జొన్న, కొర్ర, సామల్లో డమరుకంలా ఉంటుంది. కాబట్టి ఈ రెండు గుంపులను వేరు చేయవచ్చు. చిక్కేమిటంటే రాగీ గరికా ఒకే ఉపకుటుంబం, రెండిట్లోనూ జీనులే. బీడునేల గడ్డిలో సగం అదే ఇంటి చుట్టాలు. వరికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఆకులోని విసనకర్ర ఆకారపు అచ్చులు, పొట్టు మీది జంట మొనలు దాన్ని పట్టిస్తాయి. విసనకర్ర అంచు మీది పొలుసులను లెక్కపెట్టి సాగువరిని అడవివరి నుంచి వేరుచేసే పద్ధతీ వచ్చింది, దాని నమ్మకం మీద వాదనలూ వచ్చాయి.

ఆకు మీది మైనం మూడో ఆనవాలు. అందులోని కర్బన ఐసోటోపుల నిష్పత్తి ఎండకు తట్టుకునే గడ్డిజాతులకూ చెట్లకూ వేరువేరుగా ఉంటుంది. ఈ లెక్కలో రాగి, జొన్న, సజ్జ, కొర్ర, గరిక అన్నీ ఒక పద్దు. వరి మాత్రం అడవిచెట్లతో కలిసి రెండో పద్దులోకి పోతుంది. చెరువు కింద ఆయకట్టులో మెట్టపంట పోయి వరి వస్తే, ఈ పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకున్న పరిశోధకుడికి అడవి పెరిగినట్టు కనిపించే ప్రమాదం ఉంది. కొన్ని మొక్కలు ప్రత్యేకమైన రసాయనాలనే వదిలిపోతాయి. ఫ్రాన్స్‌లోని బూర్జే సరస్సు పొరల్లో మిలియాసిన్ అనే పదార్థాన్ని పట్టుకుని 2008లో వరిగ సాగు జాడ తీశారు. అదే పదార్థం మరికొన్ని గడ్డిజాతుల్లోనూ కొద్దిగా ఉంటుందని తర్వాత తెలిసింది. రాగికి అలాంటి సొంత సంతకం ఉంటే ఈ వ్యాసంలో సగం అక్కరే ఉండేది కాదు.

నాలుగోది గింజ, ఐదోది డీఎన్‌ఏ. ఈ రెండే జాతి పేరు దాకా తీసుకెళ్ళగలవు. రెండిటి చుట్టూ ఉన్నన్ని తగువులు మరెక్కడా లేవు.

హళ్ళూరు గింజ

తుంగభద్ర ఒడ్డున, నేటి హావేరి జిల్లాలోని హళ్ళూరులో ఎం.ఎస్. నాగరాజరావు జరిపిన తవ్వకాల నివేదిక 1971లో వచ్చింది. అక్కడి మాడిన గింజల్లో రాగి ఉందని బీర్బల్ సాహ్నీ సంస్థకు చెందిన విష్ణు-మిత్రే గుర్తించారు. ఇది సరస్సు కోర్ కాదు, ఊరిదిబ్బ. అయినా ఇక్కడ పడిన ముడి కోర్ల దాకా పాకింది. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెట్టభూములు. అంత పాత రాగి ఆఫ్రికాలోనే దొరక్కపోతే కర్ణాటకకు ఎలా వచ్చింది? రాగి అసలు మనదేనా అని ఒక వర్గం అడిగింది. సముద్రం మీద రాకపోకలు అంత పాతవని మరో వర్గం మురిసింది. హిలు, డి వెట్, హార్లన్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1979లోనే పాత రాగి ఆధారాలను తిరిగి పరీక్షించారు. 2003లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన డోరియన్ ఫుల్లర్ ఆఫ్రికా పంటలన్నిటి మీదా సమీక్ష రాస్తూ, పాత నివేదికల్లోని ‘రాగులు’ చాలావరకు పొట్టు ఊడిన కొర్రజాతి, ఊదజాతి గింజలేనని తేల్చాడు. ఆయన ఒప్పుకున్నది హళ్ళూరు పైపొరల్లోని ఒకే ఒక్క గింజను, అదీ క్రీ.పూ. 1000 ప్రాంతానిదో ఆ తర్వాతిదో అన్న షరతుతో.

పొరపాటు ఎలా జరుగుతుందో చూడాలంటే గింజను దగ్గరికి తీసుకోవాలి. మిల్లీమీటరు పైచిలుకు ఉండే గుండ్రటి నల్ల రేణువు. నిప్పులో పడ్డప్పుడు పేలాల్లా ఉబ్బి, ఆకారం చెడి ఉంటుంది. కొర్రలో అంకురపు గుంట గింజ పొడవులో మూడింట రెండొంతుల దాకా సాగుతుంది. రాగిలో గుంట చిన్నది, పైతొక్క మీద సన్నటి గరుకు ఉంటుంది. మాడి ఉబ్బిన గింజలో గుంట అంచు కరిగిపోతే, తొక్క రాలిపోతే, మిగిలేది ఓ నల్ల పూస. ఆ పూసకు పేరు పెట్టమంటే తాను రోజూ తినే గింజ పేరే నోటికొస్తుంది. దీన్ని మోసం అనలేం, అలవాటు అంతే.

ఫుల్లర్, ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ కలిసి 2004లో ప్రచురించిన ఫలితాల్లో బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలు కర్నూలు, కడప సీమల దాకా చాలా నవీన శిలాయుగపు ఊళ్ళు ఉన్నాయి. మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన మసిగింజలను వడగట్టి చూస్తే ఆనాటి తిండి బయటపడింది: అండుకొర్రలు, బట్టలకు అంటుకునే ఓ కొర్రజాతి గడ్డి గింజలు, ఉలవలు, పెసలు. ఇవి ఈ నేల మీదే పంటలైనవని వాళ్ళ వాదన. అండుకొర్ర నేటికీ అనంతపురం, తుమకూరు, చిక్కబళ్ళాపురం వైపు పొలాల్లో కనిపిస్తుంది. రాగి వచ్చి గద్దెనెక్కింది తర్వాత. ఎంత తర్వాత అన్నది మాత్రం గింజగింజకూ విడిగా రేడియోకార్బన్ తేదీ కడితే తప్ప తేలదు. పొర తేదీని గింజకు అంటగడితే మొదట చెప్పిన నెర్రె కథే మళ్ళీ జరుగుతుంది.

చెరువు వేరు, సరస్సు వేరు

మహారాష్ట్రలోని లోణార్ లాంటి ఉల్కాబిలపు సరస్సు తన మట్టిని పదివేల ఏళ్ళుగా దాచుకుంది. అక్కడి పది మీటర్ల కోర్‌లో 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందటి దాకా ఒక దీర్ఘ కరువునూ, 2,000 నుంచి 600 ఏళ్ళ కిందటి దాకా మరొకదాన్నీ సుష్మా ప్రసాద్ బృందం 2014లో చదివింది. నంది కొండల నీటితో చిత్రావతి, పాపాగ్ని, ఉత్తర పినాకిని పుట్టే మన వైపు అలాంటి సహజ సరస్సులు లేవు. ఉన్నవన్నీ మనుషులు కట్టిన చెరువులు, కుంటలు. వాటి జ్ఞాపకం కొన్ని వందల ఏళ్ళకు మించదు.

వాటికో అనుకూలమూ ఉంది. పుట్టినరోజు తెలిసిన చెరువులు మనకున్నాయి. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించినట్టు 1369 నాటి శాసనం చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు కూడా ఆ శాసనం ఏకరువు పెట్టింది. కట్ట వేశాక పేరుకున్న పూడిక అంతకన్నా ముందుది కాజాలదు. అడుగు పొరకు శాసనమే తేదీ.

ఈ దారిలో గట్టిగా నడిచింది కాథలీన్ మోరిసన్. హంపి దగ్గరి కమలాపురం చెరువు పూడికలో పుప్పొడినీ బొగ్గు రేణువులనూ లెక్కించి, 1994, 1995లలో ఆరు వందల ఏళ్ళ నిప్పు చరిత్రను, సాగు చరిత్రను ప్రచురించింది. బొగ్గు రేణువులను సైజుల వారీగా విడదీయడం ఆమె పనిలో కీలకం. పెద్ద రేణువులు దగ్గరి మంటవి, చిన్నవి దూరం నుంచి గాలికి వచ్చినవి. కమలాపురానికి తుంగభద్ర కాలువ నీరు అందుతుంది. వానను మాత్రమే నమ్ముకున్న చింతామణి, బాగేపల్లి చెరువులకు ఆ భాగ్యం లేదు. ఏటా ఎండుతాయి, పుప్పొడి చివికిపోతుంది, పశువుల గిట్టలు పొరలను కలిపేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పూడికతీత. చెరువు మన్ను పొలానికి ఎరువు. తరతరాలుగా బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద ఆ మన్ను మళ్ళలోకి పోతూనే ఉంది. పురావృక్ష శాస్త్రజ్ఞుడికి అది రెండు వందల ఏళ్ళ పుటలు చింపిన పుస్తకం, రైతుకు నాలుగు బస్తాల అదనపు రాగి. ఇందులో రైతును తప్పుపట్టే శాస్త్రజ్ఞుడు ఉంటే అతనికి చెరువు అంటే ఏమిటో తెలియదనుకోవాలి.

డీఎన్‌ఏ వచ్చాక

ఎస్కె విలెర్స్‌లెవ్ బృందం 2003లో గడ్డకట్టిన నేల నుంచి పాత మొక్కల డీఎన్‌ఏ తీసినప్పటి నుంచి, పేరు పెట్టే గొడవ ఇక ముగిసిందనుకున్నవాళ్ళు చాలామంది. 2022లో గ్రీన్‌లాండ్‌లో ఇరవై లక్షల ఏళ్ళ నాటి డీఎన్‌ఏ కూడా చదివారు. అయినా ఆ గొడవ ముగియలేదు. నార్వే సరస్సు పొరల్లో అనుకున్నదానికన్నా ఎంతో ముందే స్ప్రూస్ చెట్లున్నాయని లారా పార్డుచ్చి బృందం 2012లో డీఎన్‌ఏ ఆధారంతో ప్రకటిస్తే, పుప్పొడి, గింజల ఆధారం ఏదని హిలరీ బర్క్స్ తదితరులు నిలదీశారు. ఇంగ్లండ్ తీరంలో మునిగిన ఓ స్థలంలో 8,000 ఏళ్ళ కిందటి గోధుమ డీఎన్‌ఏ దొరికిందని 2015లో వార్త. అక్కడ వ్యవసాయం మొదలైంది ఆ తర్వాత రెండు వేల ఏళ్ళకు. పాత డీఎన్‌ఏలో కనిపించాల్సిన శిథిలపు గుర్తులు అందులో లేవని అదే ఏడాది మరో బృందం ఎత్తిచూపింది.

రాగి జన్యుక్రమం 2017లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి చొరవతో వెలువడింది కనుక పోల్చి చూసుకునే ప్రతి ఇప్పుడు ఉంది. కానీ డీఎన్‌ఏకు చలి కావాలి, తడి కావాలి. ఏటా ఎండి, వేసవి వేడికి కాగే బంకమన్నులో అది ఎన్నేళ్ళు నిలుస్తుందన్నదే అసలు సందేహం.

ముడివీడనివి

గోదావరి మొగకు ఎదురుగా బంగాళాఖాతంలో తీసిన ఓ కోర్‌లోని ఆకు మైనాన్ని చదివి, కమిలో పాంటన్ బృందం 2012లో దక్కన్ నాలుగు వేల ఏళ్ళ కిందట ఒకసారి, 1,700 ఏళ్ళ కిందట మరోసారి మెట్టగడ్డి వైపు మొగ్గిందని చెప్పింది. వానలు తగ్గడమే కారణమని వాళ్ళ మాట. అదే కాలంలో దక్కన్‌లో పశువుల మందలు, మెట్టపొలాలు పెరిగాయి కదా, అడవిని గడ్డిగా మార్చింది వానా, మనిషా అని పురావస్తు పరిశోధకుల ప్రశ్న. మైనం ఒక్కటే దీన్ని తేల్చలేదు. రాగి, గరిక దానికి ఒకటే కదా.

దగ్గరి కాలానికి వస్తే గుర్తులు కాస్త నయం. నీలగిరి చెట్టును 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను నంది కొండ తోటలో నాటించాడని అటవీ చరిత్రలు చెబుతాయి. సర్కారు తుమ్మ 1870లలో కడప సీమకు వచ్చింది. మొక్కజొన్న అమెరికా నుంచి వచ్చిన పంట, దాని పుప్పొడి గడ్డిజాతిలో కొట్టొచ్చినట్టు పెద్దది. ఇవి కనిపించిన పొర వాటి రాకకన్నా పాతది కాదు. అయినా ఇక్కడా ఓ మెలిక ఉంది. నీలగిరీ నేరేడూ ఒకే కుటుంబం, రెండిటి పుప్పొడీ మూడు మూలల దిండులాగే ఉంటుంది. చెరువు గట్టు మీది నేరేడుచెట్టు పుప్పొడిని నీలగిరి అనుకుంటే రెండు వందల ఏళ్ళు ఒక్క చూపులో తారుమారవుతాయి.

ఇప్పుడు బెంగళూరులో శుద్ధిచేసిన వాడుకనీరు హెబ్బాళ–నాగవార పథకం కింద చిక్కబళ్ళాపురం వైపు చెరువుల్లోకి వస్తోంది. నీళ్ళు నిలిచిన చెరువులో పుప్పొడి నిలుస్తుంది, అది మేలు. ఆ నీటి సారానికి జమ్ము, తుంగ దట్టంగా లేస్తాయి, వాటి పుప్పొడి మిగతా అన్నిటినీ ముంచేస్తుంది. దానికి విరుగుడుగా నీటిమొక్కలను మొత్తం లెక్కలోంచి తీసేసి శాతాలు కట్టడం పుప్పొడి శాస్త్రంలో మామూలు వాడుక. తుంగ కోసి చాపలు నేసుకుని బతికిన ఊళ్ళలో దాన్ని కలుపుగా తీసేయాలా, పంటగా లెక్కలో ఉంచాలా అన్నది కోర్ తీసేవాళ్ళు స్లైడు ఎక్కించే ముందే తేల్చుకోవాలి.